నీలం అంచు బేసిను

సూరిబాబు ఇంటి వెనక, స్నానాల గది గోడకి ఒక పెద్ద మేకు ఉండేది. దానికి ఒక బేసిను వేలాడేది. తెల్ల పింగాణీ పూత, నీలం అంచు, లోపల అడుగున కొంచెం ఎర్రటి జీర. రాయ్‌పూర్ రైల్వే కాలనీలో ఆ వరస క్వార్టర్లలో ఉన్న తెలుగువాళ్లలో ఆ బేసినులో కలిపిన ఆవకాయ తినని వాళ్లు లేరు. అలాంటి గిన్నెని చూసి భయపడమంటే ఎవరు భయపడతారు చెప్పండి? భయపడవలసింది సూరిబాబు ఒక్కడే. ఆ గిన్నె సంగతి తెలిసింది అతనికే. తెలిసి కూడా దాన్ని మేకుకి తగిలించి ఊరుకున్నాడు.

చెడ్డవాడా అంటే కానే కాదు. తాగుడు లేదు, పేకాట లేదు, ఒకరి జోలికి పోయే రకం కాదు. తండ్రి బొబ్బిలి దగ్గర పల్లె నుంచి బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో గ్యాంగు పనికని వచ్చి ఇక్కడే పాతుకుపోయాడు. సూరిబాబు పందొమ్మిది వందల యాభై ఎనిమిదిలో సిగ్నల్ డిపార్టుమెంటులో ఖలాసీగా చేరి, మెల్లగా మెకానిక్ అయ్యాడు. ఇంట్లో బొబ్బిలి తెలుగు, ఆఫీసులో హిందీ, సంతలో కూరలమ్మే ఆడవాళ్లతో ఛత్తీస్‌గఢీ, ఇలా మూడు నోళ్లతో బతికాడు. అతనికున్న వ్యసనమల్లా ఒకటే. చెడిపోయిన రేడియో కనిపిస్తే చాలు, అన్నం మానేసి దాని పొట్ట విప్పేవాడు.

డెబ్భైల్లో ఆ వ్యసనం ముదిరింది. రేడియోలు బాగుచెయ్యడం చాలక, తనే సొంతంగా తయారుచెయ్యాలని పట్టుకుంది. దానికి బోర్డు కావాలి. బోర్డంటే ఏమీ లేదు, ఒకవైపు రాగిరేకు అతికించిన గట్టి అట్టముక్క. దానిమీద కరెంటు నడవాల్సిన దారులన్నీ రంగుతో గీస్తారు. గీసి, ఫెర్రిక్ క్లోరైడ్ అనే గోధుమరంగు నీళ్లలో ముంచి ఊపుతూ కూర్చుంటారు. రంగు ఉన్నచోట రాగి మిగులుతుంది, లేనిచోట ఆ నీళ్లు దాన్ని తినేస్తాయి. తినేస్తాయి అన్నది సూరిబాబు మాటే. వరసలో వాళ్లకి ఆ పేరు నోరు తిరక్క వాటిని 'సూరిబాబు నీళ్లు' అనేవారు. బట్టమీద పడితే బట్ట పోయినట్టే, వేళ్లకి అంటితే వారం రోజులు పసుపు వదలదు.

అసలు తిప్పలన్నీ ఆ నీళ్లు ఏ గిన్నెలో పొయ్యాలన్న దగ్గరే వచ్చాయి.

మొదటిసారి అల్యూమినియం పళ్లెంలో పోశాడు, మహానుభావుడు! పోసి ఇటు తిరిగాడో లేదో, పళ్లెం బుసబుసమని పొంగింది. ఘాటైన ఆవిరి లేచింది. సూరిబాబు దగ్గుతూ వాకిట్లోకి పరిగెత్తాడు. తిరిగొచ్చి చూస్తే పళ్లేనికి అడుగు లేదు. కింద గచ్చు మీద గోధుమరంగు మరక పడింది. అతని భార్య తాయారమ్మ దాన్ని బట్టల సోడాతో తోమింది, ఇటికపొడితో తోమింది, చివరికి కళ్లనీళ్లతోనూ తోమింది. మరక మాత్రం ఆ క్వార్టరు ఉన్నన్నాళ్లూ ఉంది.

"ఇదేటి నీళ్లండీ బాబూ, పళ్లేన్ని మింగేసేయి!" అంది తాయారమ్మ.

"తప్పు నాదేలే. స్టీలు అయితే ఏం కాదు," అన్నాడు సూరిబాబు.

రెండోసారి స్టీలు పళ్లెం తీశాడు. అది తాయారమ్మకి పుట్టింటివాళ్లు ఇచ్చిన సారె పళ్లెం, అంచు మీద ఆమె పేరు చెక్కించి ఇచ్చారు. ఈసారి పొంగలేదు, ఆవిరి లేదు. నిక్షేపంలా ఉంది కదా అని రాత్రంతా అందులోనే వదిలేశాడు. తెల్లారి నీళ్లు పారబోసి చూస్తే పళ్లెం ఉంది, పేరు లేదు. చెక్కిన అక్షరాలన్నీ చెరిగిపోయి అంచంతా పురుగు తొలిచినట్టయింది. తాయారమ్మ తన పేరున్న చోట వేలు పెట్టి తడిమి, పళ్లేన్ని తీసుకెళ్లి బయట చెత్తలో పడేసి వచ్చింది.

ఆ తర్వాత ఫోటో స్టూడియోలో పనిచేసే స్నేహితుడు గురునాథం, ఫోటోలు కడిగే పాత ప్లాస్టిక్ ట్రే ఒకటి ఇచ్చాడు. ప్లాస్టిక్‌ని ఆ నీళ్లు ముట్టుకోవు. చిన్న చిన్న బోర్డులకి అది బంగారంలా పనికొచ్చింది. అక్కడితో ఆగితే ఎంత బాగుండేది! ఆగడానికి వీల్లేకుండా ఎనభై నాలుగులో శ్రీరామనవమి పందిరికి కొత్త యాంప్లిఫయరు చేసిస్తానని కాలనీ తెలుగువాళ్లందరి ముందూ మాటిచ్చేశాడు. దాని బోర్డు జానా బెత్తెడు. ట్రేలో పట్టలేదు.

పెద్ద ట్రే కోసం గోల్ బజారంతా తిరిగాడు. ప్లాస్టిక్ టబ్బులు పల్చగా ఉండి పట్టుకుంటే వంగిపోయాయి. నీళ్లు గోరువెచ్చగా ఉంటేనే పని తొందరగా అవుతుంది, ఆ వేడికి ఇవి ఆగవేమోనని అనుమానం. గాజు పళ్లెం ఒకటి తెచ్చాడు గాని, వేడినీళ్లు పొయ్యగానే టప్పున పగిలింది. నవమి దగ్గరికొచ్చేసింది. ఏం చెయ్యాలో తోచక వంటింటి గుమ్మంలో కూలబడ్డవాడికి, అటక మీద తల్లి ఆవకాయ బేసిను కనిపించింది.

తల్లి అప్పలనరసమ్మ గురించి ఒక్క ముక్క చెప్పాలి. ఆ కాలనీలో ఆవిడ చేతి ఆవకాయకి ఉన్న పేరు స్టేషన్ మాస్టరుకి లేదు. ఏటా వేసవిలో విజయనగరం పాసింజర్లో మామిడికాయల బస్తా దిగేది. కొలతలూ గిలతలూ ఏమీ లేవు. కలపడం, నాలుక మీద వేసుకోవడం, చిటికెడు ఉప్పు విసరడం, మళ్లీ నాలుక మీద వేసుకోవడం. పక్కింటి ఛత్తీస్‌గఢీ ఆడవాళ్లు కూడా "దాయీ, థోడా అచార్ దే న," అంటూ గిన్నెలు పట్టుకొచ్చేవారు. దాయీ అంటే వాళ్ల భాషలో అమ్మ. ఆ పిలుపుకి ఆవిడ పొంగిపోయి, ఇంట్లోవాళ్లకి మిగలకుండా పంచేసేది.

"అమ్మా, ఆ బేసిను నాకిస్తావా? దానికి బదులు కొత్తది తెచ్చిస్తాను," అన్నాడు సూరిబాబు.

"దేనికిరా? నీ నీళ్లకేటి?"

"అవును. పింగాణీ కదా, తట్టుకుంటుంది."

"ఎందుకు తట్టుకోదు? ఇన్నేళ్ల ఆవకాయ తట్టుకున్నాది. ఉప్పూ పులుపూ తిననేని గిన్నెని మరింకేదీ తిననేదు." అని, కొంచెం ఆగి అడిగింది. "ఒరే సూరీ, అది విషమేటిరా? నిజం చెప్పు. విషమైతే ఇంట్లో ఉండడానికి వీల్లేదు, పిల్లలు తిరిగే ఇల్లు."

ఇక్కడ సూరిబాబు నిజం చెప్పాలి. విషమే అమ్మా, రాగి కరిగాక మైలుతుత్తం ఎంతో అదీ అంతే, అని చెప్పాలి. చెబితే ఏమవుతుందో అతనికి బాగా తెలుసు. ఆవిడ ఆ సీసాలూ, ట్రేలూ, బోర్డులూ అన్నీ చీపురుతో ఊడ్చి కాలవలో పారేస్తుంది. నవమి పందిట్లో తన పరువు పోతుంది.

"విషమా, పాడా! తుప్పు నీళ్లే అమ్మా. కడిగేస్తే పోతాయి," అన్నాడు నవ్వుతూ.

ఆవిడ నమ్మింది. కొడుకు మాట నమ్మక ఏం చేస్తుంది? తనే స్టూలెక్కి బేసిను తీసి ఇచ్చింది.

బోర్డు దివ్యంగా వచ్చింది. సూరిబాబు పెరట్లో పీట వేసుకుని, బేసిను ఒళ్లో పెట్టుకున్నంత దగ్గరగా పెట్టుకుని ఊపుతూ కూర్చుంటే, తల్లి చూసి నవ్వింది. "ఏటిరా, ఉయ్యాల్లో పిల్లని ఊపినట్టు ఊపుతున్నావు! ఆ ఊపుడేదో నాకు మునిమనవరాలు పుట్టేక ఊపుదువుగాని." అప్పటికి సూరిబాబు కూతురు రమణమ్మకి అయిదో నెల. భిలాయిలో కాపురం. మొదటి కానుపు నిలవలేదు. ఆ దుఃఖంలో పిల్ల సగమైపోయింది. ఇంట్లో అందరి ప్రాణాలూ ఈ రెండో కానుపు మీదే ఉన్నాయి. తాయారమ్మ ఎన్ని మొక్కులు మొక్కిందో ఆమెకే తెలియదు.

నవమికి యాంప్లిఫయరు ఖంగుమంది. సూరిబాబుకి శాలువా కప్పారు. మర్నాడు అతను బేసిను కడిగి బోర్లించాడు. సాయంత్రం తీయబోతే, అడుగున గోధుమరంగు చుక్క ఒకటి కారి ఉంది. తుడిచాడు. కాసేపటికి మళ్లీ చుక్క. వెలుతురులోకి తెచ్చి చూస్తే, లోపల అడుగున నువ్వుగింజంత పెచ్చు ఊడి ఉంది. ఆ కన్నం లోంచి ఊరుతోంది.

సూరిబాబుకి అప్పుడు తెలిసింది. పింగాణీ అనుకున్నాడు గాని అది పూత మాత్రమే. లోపలున్నది ఇనుము. ఇనుము దొరికితే ఆ నీళ్లు వదులుతాయా! చిన్న కన్నం లోంచి దూరి, పూత కింద ఇనుముని తొలిచి, అక్కడే గూడు కట్టుకున్నాయి. వేలితో కొట్టి చూశాడు. అంచు దగ్గర కంగుమంది. అడుగున మొద్దుగా పలికింది. ఎంతమేర డొల్ల అయిందో, లోపల ఎన్ని నీళ్లున్నాయో పైకి తెలియదు. పైకి అది ఇంకా తెల్లగా, శుభ్రంగా, అమ్మ ఆవకాయ బేసినులాగే ఉంది. ఆ అడుగున ఉన్న ఎర్రజీర కూడా కారం జీరో, ఈ నీళ్ల జీరో అతనికే తేడా తెలియలేదు.

పారేద్దామనే అనుకున్నాడు. ఏం చెప్పి పారెయ్యాలి? మంచి గిన్నె ఎందుకు పారేస్తున్నావని తల్లి అడుగుతుంది. తుప్పు నీళ్లే అన్నావు కదా అంటుంది. సరే, చెత్తబండి వచ్చినప్పుడు ఎవరూ చూడకుండా వేసేద్దామని మేకుకి తగిలించాడు. చెత్తబండి వచ్చినప్పుడల్లా అతను డ్యూటీలో ఉన్నాడు. లేనప్పుడు గుర్తులేదు. అలా వేసవి వచ్చేసింది.

మే నెలలో రమణమ్మని పురిటికి తీసుకొచ్చారు. ఏడో నెల వచ్చింది. మొహం కాస్త తేటపడింది గాని, రుచి చచ్చిపోయిందని ఏదీ తినదు. పొద్దస్తమానం ఒకటే పాట. "మామ్మా, కొత్తావకాయ ఎప్పుడు కలుపుతావే? బేసినులో వేడన్నం కలిపి ముద్ద పెడతావు చూడూ, అదొక్కటీ తినాలని ఉందే."

ఆ ముద్ద సంగతి తెలుగింటి వాళ్లకి చెప్పనక్కర్లేదు. ఆవకాయ కలిపి జాడీకెత్తాక, బేసినుకి అంటుకున్న కారం, నూనె వృథా పోకుండా అందులోనే వేడి అన్నం పడేసి, అడుగంటా చేత్తో రాసి రాసి కలిపి, చుట్టూ కూర్చున్నవాళ్లకి తలో ముద్ద పెడతారు. అప్పలనరసమ్మ ఇంట్లో మొదటి ముద్ద ఎప్పుడూ కడుపుతో ఉన్న పిల్లదే. అలాంటి పిల్ల లేకపోతే అందరికన్నా చిన్నవాళ్లది. కలిపినావిడ ఆఖర్న తినేది.

కాయలు దిగిన రోజున సూరిబాబు ఊళ్లో లేడు. తిల్దా స్టేషన్ దగ్గర సిగ్నలు పనిచెయ్యడం లేదని తెల్లవారుజామునే పిలుపొస్తే వెళ్లాడు. వెళ్తూ తాయారమ్మతో "ఇవాళేనా కలపడం?" అన్నాడు. "ఏమోనండీ, కాయలు వచ్చేక గదా," అంది ఆమె. బేసిను అతనికి జ్ఞాపకం రాలేదు.

వెనక జరిగింది తర్వాత తాయారమ్మ ఏడుస్తూ చెప్పింది. కాయలు ముక్కలు కొట్టడం అయిపోయింది. ఆవపొడి, కారం సిద్ధం. సూరిబాబు బదులు తెచ్చిచ్చిన కొత్త బేసిను కోసం చూస్తే, దాన్ని ఎదురింటి వరహాలమ్మ ముందురోజే పట్టుకెళ్లింది. ఆవిడా ఆవకాయలో తలమునకలై ఉంది. ఇంత ఎండలో ముక్కలు వాడిపోతాయని అప్పలనరసమ్మకి తొందర. పెరట్లోకి వెళ్లి మేకు మీంచి పాత బేసిను దింపింది.

"అత్తా, అది వద్దేమో! ఆయన నీళ్లు పోసేరు దాన్లో," అంది తాయారమ్మ.

"తుప్పు నీళ్లేనంటే! కడిగేస్తే పోతాయని ఆడే చెప్పేడు. నా ఆవకాయ జీర ఇంకా పోనేదు, చూడు. ఇన్నేళ్లు కలిపిన గిన్నె నాకు కొత్తేటి?"

చింతపండు వేసి తోమింది. ముగ్గుపిండితో మళ్లీ తోమింది. ఎండలో బోర్లించింది. ఆ ఎండకి చుక్క కారినా ఆరిపోయి ఉంటుంది.

సూరిబాబు బండి దిగి పన్నెండు గంటల ఎండలో ఇంటిదారి పట్టాడు. పని తొందరగా అయిపోయిందని హుషారుగా ఉన్నాడు. వరస మొదట్లోకి రాగానే ఆవఘాటు ముక్కుకి తగిలింది. "అయితే కలిపీసేరన్నమాట," అనుకుని నవ్వుకున్నాడు. ఆకలి కూడా వేసింది. కాళ్లు కడుక్కుందామని ఇంటి పక్కనుంచి పెరట్లోకి తిరిగాడు.

మేకు ఖాళీగా ఉంది.

బేసిను ఉండే చోట సున్నం మీద గుండ్రంగా తెల్లటి అచ్చు పడి ఉంది. దాని కింద నుంచి నేలదాకా సన్నగా గోధుమరంగు చార. ఇన్నాళ్లూ ఎవరూ చూడకుండా అది కారుతూనే ఉందన్నమాట. లోపలినుంచి గాజుల చప్పుడు, ఆడవాళ్ల మాటలు వినిపించాయి. మధ్యలో రమణమ్మ గొంతు.

చెప్పులతోనే వంటింట్లోకి పరిగెత్తాడు. తల్లి పీట మీద కూర్చుని ఉంది. ముందు నీలం అంచు బేసిను. అందులో ఎర్రగా నిగనిగలాడుతూ అన్నం. ఎదురుగా రమణమ్మ, పెద్ద కడుపుతో చాప మీద చతికిలపడి, చెయ్యి చాపి ఉంది.

"అమ్మా! ఆపు!" అని అరిచాడు. ఆ అరుపుకి తాయారమ్మ చేతిలో గరిట జారిపడింది. "ఎవరు తిన్నారు? ఎవరు తిన్నారో చెప్పండి!"

అతను కూతురి దవడ పట్టుకుని నోట్లోకి చూశాడు.

"ఇదేటి నాన్నా! నేనేం తిన్నాను? మామ్మ పెడితే కదా! ఎంతసేపట్నుంచో చెయ్యి చాపుకుని కూర్చున్నాను. ఉండు ఉండు అంటూ తనే తినేస్తంది!" అంది రమణమ్మ, ఏడుపు మొహం పెట్టి.

సూరిబాబు తల్లివైపు తిరిగాడు. ఆవిడ పెదాలు నల్లగా అయ్యాయి. కుడిచేతిలో సగం కొరికిన ముద్ద ఉంది.

"ఉండరా సూరీ, అరవకు," అంది ఆవిడ. నాలుక మందంగా తిరుగుతోంది. "ఏదో తేడా ఉన్నాది. ముక్క కలిపినప్పుడే అనుమానం వచ్చింది. ఉప్పు కాదు, ఆవ చేదు కాదు, ఇంకేదో. నాలిక పట్టేస్తన్నాది. అదేటో తేల్చుకోకుండా కడుపుతో ఉన్న పిల్లకెలా పెడతాను? అందికే మళ్లీ మళ్లీ తిని చూస్తన్నాను. ఇంకా తెలీడం నేదు."

అని, చేతిలో ఉన్న మిగతా సగం నోట్లో పెట్టుకోబోయింది. సూరిబాబు ఆ చెయ్యి మీద కొట్టాడు. పుట్టి బుద్ధెరిగాక తల్లి మీద చెయ్యి వెయ్యడం అదే. ముద్ద గోడకి కొట్టుకుంది. బేసినుని కాలితో తన్నాడు. అన్నం నేలంతా చెదిరింది. అందులో గోరంత తెల్లటి పెచ్చులు కనిపించాయి. బేసిను అడుగున, ఆవిడ చేత్తో అదిమి అదిమి కలిపిన చోట, పూత ఊడి అరచెయ్యంత గొయ్యి పడి ఉంది. అందులోంచి నల్లటి నీళ్లు ఇంకా ఊరుతున్నాయి.

రైల్వే ఆస్పత్రిలో డాక్టరు "ఏం తిన్నారు?" అని అడిగాడు.

"ఆవకాయన్నం," అన్నాడు సూరిబాబు.

డాక్టరు చిరాగ్గా తలెత్తాడు. అప్పుడు చెప్పాడు సూరిబాబు. ఆ నీళ్ల పేరూ, అందులో కరిగిన రాగీ, పూత కింద డొల్లా, అన్నీ చెప్పాడు. చెబుతుంటే పక్కన నిలబడ్డ తాయారమ్మ మొహం చూడలేకపోయాడు. "అంతా మీకు తెలుసన్నమాట," అన్నాడు డాక్టరు. తిట్టలేదు. ఆ ఒక్క మాటే అని లోపలికి వెళ్లిపోయాడు.

ముసలావిడ గట్టి పిండం, బతికింది. వాంతులతో పచ్చగా కక్కింది, నోరంతా పుళ్లు పడింది, గొంతు పూడుకుపోయి చాలారోజులు మాటే లేదు. సూరిబాబు సెలవు పెట్టి మంచం కాళ్ల దగ్గరే కూర్చున్నాడు. ఆవిడ తిడితే బాగుండునని ఎంత ఎదురుచూశాడో! ఒకనాటి పొద్దున్న పాలు తాగించి మూతి తుడుస్తుంటే ఆవిడకి గొంతు పెగిలింది.

"కడిగేనురా సూరీ," అంది. "చింతపండేసి మరీ కడిగేను."

సూరిబాబు వరండాలోకి పోయి, పెద్దాడని కూడా లేకుండా గోడకి తలానించి భోరుమన్నాడు.

జాడీతో సహా ఆవకాయంతా ఖారున్ నది దారిలో గొయ్యి తీసి పూడ్చాడు. సీసాలు, ట్రేలు, సగం చేసిన బోర్డులు కూడా అందులోనే వేశాడు. మళ్లీ జన్మలో ఇంట్లో బోర్డు చెయ్యలేదు. నవమి పందిట్లో ఆ యాంప్లిఫయరు మాత్రం ఏటా మోగుతూనే ఉండేది. అది మోగినన్నాళ్లూ సూరిబాబు అటువైపు వెళ్లేవాడు కాదు. ఏదో వంకన డ్యూటీ మార్చుకునేవాడు. జనం పొగరనుకున్నారు.

శ్రావణంలో రమణమ్మ సుఖంగా ప్రసవించింది, ఆడపిల్ల. పార్వతమ్మ అని పేరు పెట్టి, పారూ అని పిలుచుకున్నారు. అప్పలనరసమ్మ మునిమనవరాల్ని ఒళ్లో వేసుకుని మురిసిపోయింది. అంతా సర్దుకుంది అనుకున్నారు. కాని ఆవిడ నాలుక మళ్లీ రాలేదు. తీపి లేదు, పులుపు లేదు. పాయసం పెట్టినా, గంజి పెట్టినా ఒకేలా తినేది. మొదట్లో ఎవరికీ చెప్పలేదు. ఒకనాడు పప్పులో ఉప్పు వెయ్యడం మరిచిపోయిన తాయారమ్మ, అత్త మాట్లాడకుండా తినేస్తుంటే చూసి గ్రహించింది.

మరుసటి ఏడు వేసవికి కాయలు వచ్చాయి. వద్దత్తా అంది తాయారమ్మ. వద్దు మామ్మా అంది రమణమ్మ. ఆవిడ వినలేదు. జాడీమట్టితో చేసిన గట్టి మూకుడు కొత్తది తెప్పించుకుని, అలవాటైన చేతి లెక్కన కలిపింది. కలుపుతూ కలుపుతూ వేలు నోటిదాకా తీసుకెళ్లి, మధ్యలో ఆపి, దించేసింది. అది చూడలేక వరహాలమ్మ మొహం తిప్పుకుంది. జాడీకెత్తాక మూకుట్లో అన్నం వేసి కలిపి, మొదటి ముద్ద చేసింది. అందరూ రమణమ్మ ఒళ్లో పిల్ల వైపు చూశారు, నాలుకకి కాస్త రాస్తుందేమోనని.

"ఒరే సూరీ, ఇలా రా," అని పిలిచింది ఆవిడ.

సూరిబాబు వచ్చి కూర్చున్నాడు. ముద్ద అతని చేతిలో పెట్టింది.

"తిను."

తిన్నాడు. ఆవిడ అతని గొంతు వైపే చూస్తూ కూర్చుంది. అతను మింగాక కూడా ఇంకాసేపు ఆగింది. తర్వాతే మిగతావాళ్లకి ముద్దలు చేసింది.

"కొడుకంటే ఎంత మమకారమో చూడండి, మొదటి ముద్ద కొడుక్కే," అన్నారు వరసలో ఆడవాళ్లు. సూరిబాబుకి తెలుసు అది మమకారమో, మరేమిటో. ఆవిడ నోరు విప్పి ఒక్కనాడూ నిందించలేదు. ఆచారం మార్చింది, అంతే. తన నాలుక పోయింది కాబట్టి, ఇకమీద ఆ ఇంట్లో పిల్లల కంటే ముందు ఎవరి నాలుక ఉండాలో నిర్ణయించేసింది.

ఏటా అదే. ఉప్పు సరిపోయిందా అని అడిగేది. అతను ఉప్పు కోసం చూసేవాడు కాదు. ప్రతి ముద్దలోనూ ఆ ఇంకో రుచి కోసం, తల్లి చెప్పలేకపోయిన దానికోసం, నాలుకతో వెతుక్కునేవాడు. ఎప్పుడూ దొరకలేదు. దొరకనందుకు ధైర్యమూ రాలేదు. మే నెల దగ్గరికొస్తోందంటే అతనికి నిద్ర కరువయ్యేది. గిన్నెలన్నీ దించి, వేలితో కొట్టి, చప్పుడు విని, మళ్లీ పెట్టేవాడు.

తొంభై అయిదులో పారూకి పదకొండో ఏడు. వేసవి సెలవులకి వచ్చింది. ముద్దలు కలుపుతుంటే ఆగలేక మూకుట్లో చెయ్యి పెట్టబోయింది. కళ్లు సరిగా కనబడని ముసలావిడ, ఎలా పసిగట్టిందో, ఆ చెయ్యి గభాల్న పట్టుకుంది.

"ముందు మీ తాతయ్య తినాలి."

"ఎందుకు ముత్తమ్మా?"

"మన ఇంటి పద్ధతే అది."

ఆ చలికాలంలోనే ఆవిడ పోయింది. సూరిబాబు రిటైరై, రైల్వే క్వార్టరు వదిలి, పక్క వీధిలో అద్దెకి దిగాడు. అప్పటికి ఆవకాయ కలపడం తాయారమ్మ చేతికి వచ్చింది. మొదటి వేసవి, ఇక ఆ మొదటి ముద్ద తప్పిందేమో అనుకుని సూరిబాబు వీధిలో అరుగు మీదే కూర్చున్నాడు. లోపల అన్నం కలిపిన వాసన వచ్చింది. పిల్లల గోల వినిపించింది. అంతలో గోల ఆగిపోయింది.

"ఏవండీ," అని పిలిచింది తాయారమ్మ లోపలినుంచి. "పిల్లలు కూర్చున్నారు. రండి."

సూరిబాబు లేచి వెళ్లి పీట మీద కూర్చున్నాడు. ఆమె ముద్ద చేసి అతని చేతిలో పెట్టింది. అతను తింటూంటే అందరూ అతని మొహమే చూస్తూ కూర్చున్నారు.